గాయపడిన జవానుకు మనం ఇచ్చే వంద రూపాయలు ఎక్కడికి వెళతాయి?

2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి జరిగిన కొద్ది రోజులకే ఒక సందేశం దేశమంతా ఫోన్లలో తిరిగింది. రోజుకు ఒక్క రూపాయి వేయండి, సైన్యానికి ఆయుధాలు కొంటారు, గాయపడిన జవాన్లకూ అమరుల కుటుంబాలకూ ఇస్తారు, ఇది కేంద్ర మంత్రివర్గ నిర్ణయం అని అందులో ఉంది. కింద బ్యాంకు ఖాతా నంబరు. మా బంధువుల గ్రూపులోకి అది మూడు వైపుల నుంచి వచ్చిపడింది. ఆయుధాల కొనుగోలుకు అలాంటి ఖాతా ఏదీ లేదని, సందేశం తప్పుదోవ పట్టించేదని రక్షణ శాఖ వివరణ ఇచ్చింది. నిజానికి అదేమీ కొత్త సందేశం కాదు. 2016 నుంచి, సరిహద్దులో ఏదైనా జరిగినప్పుడల్లా కొత్త తేదీ తగిలించుకుని వస్తూనే ఉంది.

చిక్కేమిటంటే, ఆ అబద్ధం కడుపులో ఒక నిజం ఉంది. ఆయుధాల కోసం కాదు గానీ, పోరులో మరణించినవారి కుటుంబాల కోసం, వికలాంగులైన సైనికుల కోసం ఒక నిధి నిజంగానే ఉంది. 2016 ఫిబ్రవరిలో సియాచిన్‌లో పదిమంది సైనికులు మంచు కింద సమాధి అయినప్పుడు, మేమూ సాయం చేస్తామని జనం ముందుకొచ్చారు. ఆ మరుసటి ఏడాది ఏర్పాటైన ఆ నిధి పేరు ఆర్మీ వెల్ఫేర్ ఫండ్ బ్యాటిల్ క్యాజువాల్టీస్. 2022 అక్టోబరులో దానికి ‘మా భారతీ కే సపూత్’ అనే వెబ్‌సైటు కూడా పెట్టారు. సందేశం నిజమనుకుని నమ్మినవాళ్లూ, అంతా మోసమని కొట్టిపారేసినవాళ్లూ ఇద్దరూ సగం సగం పొరబడ్డారన్నమాట.

ఇలాంటి నిధులు దేశంలో ఇంకా చాలా ఉన్నాయి. పేర్లు ఒకేలా ఉంటాయి, పనులు వేరు. ముందుగా గాయపడిన మనిషి ఏ మాట కిందికి వస్తాడో చూస్తే తక్కినది తేలిగ్గా విడిపోతుంది.

ఒకే గాయానికి అయిదు పేర్లు

మాటల్లో మనం అందరినీ ‘జవాను’ అంటాం. కాగితం అలా అనదు.

సైన్యం, నౌకాదళం, వైమానిక దళం, ఈ మూడింటిలో పనిచేసి నిబంధనల ప్రకారం బయటికొచ్చినవారు ‘మాజీ సైనికులు’. వీరికి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు, ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) వైద్యం, క్యాంటీను ఉంటాయి. శత్రువుతో పోరులో గానీ, ఉగ్రవాదుల మీద చర్యలో గానీ దెబ్బతింటే దాన్ని ‘బ్యాటిల్ క్యాజువాల్టీ’గా నమోదు చేస్తారు. డ్యూటీలో ఉండగానే లారీ లోయలో పడి వెన్ను విరిగితే అది వేరే పద్దు. ఈ రెండో మాట వింటే చాలామంది పాఠకులు ఆశ్చర్యపోతారు. గాయం ఒకటే, ఆసుపత్రి ఒకటే, పక్కపక్క మంచాలు కూడా కావచ్చు.

సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ వంటి కేంద్ర సాయుధ పోలీసు బలగాలు హోం శాఖ కిందివి. బస్తర్ అడవిలో మందుపాతర పేలి కాలు పోగొట్టుకున్న సీఆర్‌పీఎఫ్ జవాను, మనం ఎంత గౌరవించినా, కాగితం మీద ‘మాజీ సైనికుడు’ కాడు. సైనికుల నిధుల్లో చాలావాటి తలుపు అతనికి తెరుచుకోదు.

అగ్నివీరులది మరో వరస. 2022లో వచ్చిన ఆ పథకంలో పింఛను లేదు, మాజీ సైనికుడన్న హోదా లేదు. సేవ కారణంగా వైకల్యం వస్తే, దాని తీవ్రతను 100, 75, 50 శాతాలుగా లెక్కగట్టి 44 లక్షలు, 25 లక్షలు, 15 లక్షల రూపాయలు ఒక్కసారిగా ఇస్తారు. నాలుగేళ్ల సేవలో ఇంకా మిగిలిన కాలానికి జీతం, సేవానిధి (సేవ ముగిశాక ఇచ్చే ఏకమొత్తం) కూడా కలుస్తాయి. మొత్తం పెద్దదే. అయితే ఇరవై రెండేళ్ల కుర్రాడికి అది యాభై ఏళ్లు రావాలి.

అయిదో మనిషి అందరికంటే విచిత్రమైన చోట ఉన్నాడు. ఖడక్‌వాస్లాలోనో డెహ్రాడూన్‌లోనో శిక్షణ పొందుతూ, ఇంకా అధికారిగా నియామకం కాకముందే గాయపడి ఇంటికి పంపబడిన క్యాడెట్. సైనికుడు కాలేదు కాబట్టి మాజీ సైనికుడూ కాడు. పింఛను లేదు, నెలనెలా కొంత ఎక్స్‌గ్రేషియా మాత్రమే. ఈ సంగతి పత్రికల్లోకి వచ్చాక 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తనంతట తానే విచారణకు తీసుకుంది. ఆ తర్వాతే వీరికి ఈసీహెచ్‌ఎస్ వైద్యం తలుపు తెరుచుకుంది. అప్పటిదాకా ఆ ఖర్చు మోసినవాళ్లు తల్లిదండ్రులు.

ప్రభుత్వం ఇచ్చేది: ఒక లెక్క వేసి చూద్దాం

దేశం కోసం దెబ్బతిన్నవాడిని సర్కారు చూసుకోదా, మనమెందుకు వేయాలి అన్నది న్యాయమైన ప్రశ్నే. చూసుకుంటుంది. ఎంత అన్నది పైన చెప్పిన పద్దు మీద ఆధారపడుతుంది.

పింఛను లెక్కకు తీసుకునే జీతం 40,000 రూపాయలు ఉన్న ఇద్దరు సైనికులను ఊహించుకుందాం. ఇద్దరికీ మోకాలి పైదాకా కాలు పోయింది, వైద్య బోర్డు ఇద్దరికీ 60 శాతం వైకల్యం అని రాసింది, ఇద్దరినీ సేవ నుంచి పంపేశారు. ఇక్కడ ‘బ్రాడ్ బ్యాండింగ్’ అనే పద్ధతి ఒకటి ఉంది. 50 నుంచి 75 మధ్య ఏ శాతం వచ్చినా 75గానే లెక్కిస్తారు. వైద్యుల అంచనాలో అటూ ఇటూ ఉండే తేడాకు సైనికుడు నష్టపోకూడదని పెట్టిన ఏర్పాటు అది.

మొదటివాడు డ్యూటీలో వాహన ప్రమాదంలో దెబ్బతిన్నాడు. పూర్తి వైకల్యానికి జీతంలో 30 శాతం చొప్పున లెక్క. అంటే 12,000, అందులో 75 శాతం, 9,000 రూపాయలు. రెండోవాడు నియంత్రణ రేఖ దగ్గర మందుపాతర మీద కాలు వేశాడు. అతనికి పూర్తి వైకల్యానికి జీతంలో నూరు శాతం లెక్క. 40,000లో 75 శాతం, 30,000 రూపాయలు. సర్వీసు భాగం, కరువు భత్యం పక్కన పెట్టి వైకల్యానికి మాత్రమే వచ్చే మొత్తాలివి. కాళ్లు రెండూ ఒక్కలాగే పోయాయి, నెలకు తేడా 21,000.

పోరాడి గాయపడినవాడికి ఎక్కువ ఇవ్వడం సబబే అని వాదించేవారున్నారు, ఆ వాదనలో బలం ఉంది. ఇబ్బంది మధ్యలో ఉన్నవారితోనే వస్తుంది: ఎత్తైన చలి ప్రాంతాల్లో గుండె దెబ్బతిన్నవారు, ఏళ్ల తరబడి ఒత్తిడిలో మనసు చెదిరినవారు. ఆ జబ్బు సేవ వల్ల వచ్చిందా, ఇంట్లో ఉన్నా వచ్చేదా? 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇది: చేరేటప్పుడు ఆరోగ్యవంతుడని తీసుకున్నారు, జబ్బేదీ అప్పుడు రాసిపెట్టలేదు, కాబట్టి సేవ వల్ల కాదని నిరూపించాల్సిన భారం ప్రభుత్వానిదే, సైనికుడి మీద ఏ భారమూ లేదు. 2014లో రామ్ అవతార్ కేసులో, సర్వీసు పూర్తిచేసి రిటైరైనవారికీ బ్రాడ్ బ్యాండింగ్ వర్తిస్తుందని తేల్చింది.

2023 సెప్టెంబరులో రక్షణ శాఖ కొత్త నిబంధనలు తెచ్చింది. జీవనశైలి జబ్బుల పేరిట వైకల్య పింఛను తీసుకునేవారు పెరిగారని, నిజంగా పోరులో దెబ్బతిన్నవారి గౌరవం పలచబడుతోందని అధికారుల మాట. మాజీ సైనికుల సంఘాల మాట వేరు: కొండల్లో, కుటుంబానికి దూరంగా బతికినవాడి రక్తపోటును బస్తీలో గుమాస్తా రక్తపోటుతో పోల్చకండి అని. రెండువైపులా ఉదాహరణలకు కొదవలేదు. నాకు అర్థమైనంతలో, తలుపు బిగించినప్పుడల్లా దొంగకంటే ముందు కాగితాలు సరిగా లేనివాడు బయట చిక్కుకుంటాడు. స్వచ్ఛంద సంస్థల దగ్గరికి చేరేవారిలో అలాంటివారు ఉంటారు.

పింఛను కొనలేనివి

పుణె పక్కన ఖడ్కీలో (పాత పేరు కిర్కీ) పారాప్లెజిక్ రీహాబిలిటేషన్ సెంటర్ 1974 నుంచి ఉంది. మొహాలీలో మరొకటి 1978లో వచ్చింది. నడుము కింద, కొందరికి మెడ కింద, చచ్చుబడిపోయిన సైనికులు ఉండే చోట్లవి. తూటా తగిలినవారున్నట్టే వాహనం బోల్తాపడి చేరినవారూ ఉంటారు.

వెన్నుపాము తెగిన మనిషికి ప్రాణాంతకమైనది తరచుగా ఆ గాయం కాదు, పుండు. నొప్పి తెలియదు కాబట్టి ఒళ్లు ఒక చోటే ఆనుకుని ఉండిపోతుంది. మనం కూర్చున్నచోట తెలియకుండానే నిమిషానికోసారి కదులుతాం. అతను గుర్తుపెట్టుకుని చక్రాల కుర్చీ చేతుల మీద బరువు మోపి, నడుము పైకెత్తి, కాసేపు ఆగి దించాలి. అరగంట తిరక్కుండా మళ్లీ. రాత్రి పడుకుంటే రెండు గంటలకోసారి ఎవరో ఒకరు పక్కకు తిప్పాలి. ఒక్కరాత్రి మరిచిపోతే తుంటి దగ్గర చర్మం ఎర్రబడుతుంది, వారంలో పుండవుతుంది, లోపల ఎముక దాకా పోతే నెలల తరబడి ఆసుపత్రి. మూత్రపు గొట్టం నుంచి చేరే ఇన్‌ఫెక్షన్లు మూత్రపిండాలను తినేస్తాయి. ఇంట్లో ఈ పని చేసేది ఎక్కువగా భార్య, లేకపోతే అమ్మ. అమ్మకు అరవై దాటాక ఎవరు తిప్పుతారు? ఖడ్కీ లాంటి కేంద్రం అవసరం అక్కడ మొదలవుతుంది. అక్కడి ఖర్చులో కొంత మాజీ సైనికుల సంక్షేమం చూసే కేంద్రీయ సైనిక్ బోర్డు ఇస్తుంది, కొంత దాతలది.

కాలు పోయినవాడి లెక్క ఇంకో రకం. ఒకసారి కృత్రిమ కాలు పెడితే అయిపోయిందనుకుంటాం. మొదటి ఏడాదిలోనే తెగిన మొన సన్నబడుతుంది, సాకెట్ వదులవుతుంది, నడిస్తే ఒరిపిడి పుండ్లు పడతాయి. కొత్తది కొలతకు చేయించాలి. ఆ తర్వాతా ప్రతి కొన్నేళ్లకు మార్చాల్సిందే. 24వ ఏట కాలు పోయినవాడు 70 దాకా బతికితే 46 ఏళ్లు. నాలుగేళ్లకొకటి అనుకున్నా పదకొండు పన్నెండు కాళ్లు. పుణెలోని ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్ 1944 నుంచి ఈ పనిలో ఉంది. ఊరి నుంచి పుణె దాకా వచ్చిపోయే ఖర్చు, తోడొచ్చినవారి బస, పోయిన కూలి రోజులు, ఇవేవీ కాలు ధరలో కనిపించవు.

మూడోది పని. 1917లో, మొదటి ప్రపంచ యుద్ధం నుంచి అంగవికలురై తిరిగొచ్చిన భారతీయ సైనికులకు చేతిపని నేర్పడానికి క్వీన్ మేరీస్ టెక్నికల్ స్కూలు పెట్టారు. ఖడ్కీలో ఇప్పటికీ నడుస్తున్న ఆ సంస్థ వయసు నూరేళ్లు దాటింది. మన దగ్గరికి వస్తే, సీఆర్‌పీఎఫ్ 2020లో రంగారెడ్డి గ్రూప్ సెంటర్‌లో దివ్యాంగ జవాన్ల కోసం జాతీయ కేంద్రం తెరిచింది. కంప్యూటర్ పనులు, పారా క్రీడలు నేర్పిస్తారు. పారా సైక్లిస్టు ఆదిత్య మెహతా పేరిట హైదరాబాద్‌లో ఉన్న ఫౌండేషన్ కూడా కాళ్లు పోయిన బలగాల జవాన్లను సైకిల్ మీదికి ఎక్కిస్తోంది.

నిధులు: ఎవరిది ఎవరి కోసం

డిసెంబరు 7న బడిలో మాస్టారు చిన్న కాగితపు జెండా, గుండుసూది ఇచ్చి చొక్కాకు పెట్టుకోమనేవారు. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం. ఇంటి నుంచి తెచ్చిన చిల్లర డబ్బాలో పడేది. ఆ చిల్లర ఎటుపోతుందో మాకెవరూ చెప్పలేదు. మాస్టారికీ తెలుసో లేదో.

అది సాయుధ దళాల పతాక దినోత్సవం, 1949 నుంచి జరుగుతోంది. విడివిడిగా ఉన్న కొన్ని నిధులను 1993లో కలిపి పతాక దినోత్సవ నిధిగా మార్చారు. యుద్ధ వితంతువులు, వికలాంగ సైనికులు, పేద మాజీ సైనికులు, వీరి కోసం కేంద్రీయ సైనిక్ బోర్డు నడుపుతుంది. పింఛను లేని 65 ఏళ్లు దాటిన మాజీ సైనికులకు, వారి వితంతువులకు ఇచ్చే నెలసరి సాయాన్ని 2025లో 4,000 నుంచి 8,000 రూపాయలకు పెంచారు. ఆ పద్దు కూడా ఈ నిధి కిందిదే. మన చేతికి దగ్గరగా ఉన్న కొస జిల్లా సైనిక సంక్షేమాధికారి కార్యాలయం.

జాతీయ రక్షణ నిధి వేరు. దాని కమిటీకి ప్రధానమంత్రి అధ్యక్షుడు, బలగాల కుటుంబాల సంక్షేమం దాని పని, పిల్లల స్కాలర్‌షిప్పులు అందులోవే. ‘భారత్ కే వీర్’ 2017లో హోం శాఖ తెచ్చింది. అమరుడైన కేంద్ర బలగాల జవాను కుటుంబ ఖాతాలోకే దాత నేరుగా వేయవచ్చు. ఒక కుటుంబానికి 15 లక్షలు చేరగానే ఆ ఖాతా ఆగిపోతుంది, అందరి కళ్లూ ఒకే ఫొటో మీద పడకుండా. తెలివైన నిబంధన. అయితే అది ప్రధానంగా మరణించినవారి కుటుంబాలకు.

ఇక్కడే నాకు మనసు తొలిచే సంగతి. 2020 జూన్‌లో గల్వాన్‌లో సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబుతో కలిపి 20 మంది మరణించారు. తెలంగాణ ప్రభుత్వం ఆ కుటుంబానికి 5 కోట్ల రూపాయలు ప్రకటించింది, చేయవలసిన పనే. ఆ రాత్రి గాయపడినవారిలో ఒక్కరి పేరైనా మనకు గుర్తుందా? నాకు లేదు.

వందలో ఎంత చేరింది? అమెరికా నేర్పిన పాఠం

ప్రైవేటు సంస్థల విషయంలో అందరూ అడిగే ప్రశ్న ఇది. అనుకున్నంత తేలికైన ప్రశ్న కాదు.

అమెరికాలో వూండెడ్ వారియర్ ప్రాజెక్ట్ 2003లో మొదలైంది. ఆసుపత్రి మంచాల మీదున్న సైనికులకు బట్టలు, చిన్నచిన్న వస్తువులు నింపిన సంచులు ఇవ్వడం తొలి పని. పదేళ్లకు ఏటా కోట్లాది డాలర్లు వసూలు చేసే సంస్థ అయింది. 2016 జనవరిలో సీబీఎస్, న్యూయార్క్ టైమ్స్ కథనాలు వచ్చాయి: సమావేశాల ఖర్చు ఏడాదికి 2.6 కోట్ల డాలర్లకు చేరిందని, ఖరీదైన హోటళ్లని. మార్చిలో ఇద్దరు ఉన్నతాధికారులను బోర్డు తొలగించింది.

అసలు పాఠం శాతాల్లో ఉంది. తమ ఖర్చులో 80.6 శాతం సైనికులకే పోతోందని సంస్థ చెప్పుకొంది. స్వచ్ఛంద సంస్థలకు రేటింగు ఇచ్చే చారిటీ నావిగేటర్ లెక్కలో అది 60 శాతం. ఎవరో ఒకరు అబద్ధమాడారా? కాదు. చందా కోరుతూ పంపే ఉత్తరంలో సైనికుల సమస్యల గురించి నాలుగు పేరాలుంటే, ఆ ఉత్తరం ఖర్చులో కొంత భాగాన్ని ‘ప్రజలకు అవగాహన’ పద్దులో వేసుకోవడానికి అకౌంటింగ్ నియమాలు ఒప్పుకుంటాయి. ఉచితంగా దొరికిన టీవీ ప్రకటన సమయాన్ని కూడా సేవగా చూపవచ్చు. సెనేటర్ గ్రాస్లీ 2017లో విడుదల చేసిన నివేదిక ఆ 80.6 అంకెను తప్పుదోవ పట్టించేదే అంది. మరోవైపు, ఆ సమావేశాల ఖర్చులో అత్యధికం గాయపడినవారి కోసం పెట్టిన కార్యక్రమాలదేనని బోర్డు చేయించిన విచారణ తేల్చింది. రెండూ నిజమయ్యే అవకాశం ఉంది. ఈలోగా విరాళాలు మాత్రం బాగా పడిపోయాయి.

శాతాన్ని అతిగా నమ్మినా చిక్కే. రెండు సంస్థలను ఊహించండి. ఒకటి వంద చక్రాల కుర్చీలు కొని పంచి ఫొటో దిగింది, నూటికి 95 సేవకే. మరొకటి ఇద్దరు ఫిజియోథెరపిస్టులను, ఊరూరా తిరిగే ఒక మనిషిని జీతానికి పెట్టుకుంది, జీపుకు డీజిలు పోసింది, నూటికి 72. కుర్చీ చక్రం విరిగినప్పుడు మొదటి సంస్థ ఫోను ఎవరెత్తుతారు?

పన్ను మాట

విరాళం ఇచ్చినవారికి ఆదాయపు పన్నులో దొరికేది, 80జీ అని అందరి నోటా ఉన్న మినహాయింపు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం రావడంతో సెక్షను సంఖ్య మారింది, పేరు మాత్రం అలవాటులో ఉండిపోయింది. 20 శాతం శ్లాబులో ఉన్నవారు 10,000 ఇచ్చారనుకుందాం. జాతీయ రక్షణ నిధి, ఆర్మీ సెంట్రల్ వెల్ఫేర్ ఫండ్ వంటివాటికి నూరు శాతం మినహాయింపు, అంటే పన్నులో 2,000 తగ్గుతుంది. ఆమోదం పొందిన మామూలు స్వచ్ఛంద సంస్థకైతే 50 శాతం, అంటే 1,000. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి రెండింటికీ సున్నా. 2,000 దాటిన నగదుకు ఎవరికీ ఏమీ రాదు. డాలస్‌లోనో డబ్లిన్‌లోనో ఉన్న తెలుగువారి విషయంలో తేడా పాస్‌పోర్టుతో వస్తుంది. భారత పౌరసత్వం ఉంటే వారి డబ్బు విదేశీ విరాళం కాదు. విదేశీ పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డుతో ఉన్నవారిదైతే విదేశీ విరాళమే, అనుమతి లేని సంస్థ దాన్ని తీసుకోకూడదు.

కంపెనీల సామాజిక బాధ్యత ఖర్చులో మాజీ సైనికుల, యుద్ధ వితంతువుల సంక్షేమం చాలాకాలంగా ఉంది. 2020లో కేంద్ర బలగాల మాజీలనూ చేర్చారు.

దానమా, హక్కా

బ్రిటన్‌లో 2007లో పుట్టిన హెల్ప్ ఫర్ హీరోస్ సంస్థ, గాయపడిన సైనికులు కోలుకునే హెడ్లీ కోర్ట్‌లో ఈత కొలను కట్టడానికి చందాలు పోగుచేసింది. జనం ఎగబడి ఇచ్చారు. 2010లో కొలను తెరిచారు. 2018లో హెడ్లీ కోర్టే మూతపడింది, సైనిక పునరావాసం మరో ఊరికి మారింది. అసలు ఆ కొలను సర్కారు కట్టాల్సింది కదా అన్నవారు అప్పుడూ ఉన్నారు. దాతల డబ్బు వచ్చిన చోట ప్రభుత్వం చేయి వెనక్కి తీసుకుంటుందన్నది వారి భయం. మన మాజీ సైనికుల్లోనూ ‘దానం’ అనే మాట వింటే ముఖం చిట్లించేవారున్నారు. తమకు రావాల్సింది పింఛను, జాలి కాదంటారు.

అవతలి వాదన ఇది: నిబంధన మారడానికి ఏళ్లు పడుతుంది, ఆకలికి, పుండుకు అంత ఓపిక లేదు. మురళీకాంత్ పేట్కర్‌కు 1965 యుద్ధంలో తూటాలు తగిలి నడుము కింద చచ్చుబడింది. 1972లో హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్‌లో ఈతలో భారత్‌కు తొలి స్వర్ణం తెచ్చింది ఆయనే. అక్కడికి వెళ్లే ఖర్చు పెట్టుకున్నది క్రికెటర్ విజయ్ మర్చంట్ నడిపిన స్వచ్ఛంద సంస్థ. పద్మశ్రీ వచ్చింది 2018లో.

హొకాటో హొటొఝె సేమా నాగాలాండ్ మనిషి. 2002లో జమ్మూ కశ్మీర్‌లో మందుపాతర పేలి ఎడమ కాలు పోయింది. పుణెలో కృత్రిమ అవయవ కేంద్రానికి వచ్చిపోయే రోజుల్లో ఒక అధికారి ఆయన భుజాలు చూసి షాట్‌పుట్ పట్టుకోమన్నాడు. అది 2016. పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది 2024లో, నలభయ్యో ఏట. పేలుడు జరిగినప్పటి నుంచి ఆ ఇనుప గుండు చేతికొచ్చేదాకా మధ్యలో గడిచినవి పద్నాలుగేళ్లు.